గోడలో కంప్యూటర్: నలుగురూ కలిసి నేర్చే చదువు

1999లో దిల్లీ కాల్కాజీలో ఎన్‌ఐఐటీ కార్యాలయం గోడకు కన్నం పెట్టి, పక్క మురికివాడ పిల్లలకు అందేలా సుగత మిత్రా ఒక కంప్యూటర్ అమర్చారు. బోధించేవారు లేరు. ఒకరు నడుపుతుంటే చుట్టూ ఉన్నవారు సలహాలిస్తూ గుంపుగా నేర్చుకున్నారు.

హైదరాబాదులో తెలుగు యాసతో ఇంగ్లిషు మాట్లాడే పిల్లలకు, మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. మొదట అది తప్పులతడకగా రాసింది. దానికి అర్థమయ్యేదాకా పలికి పలికి పిల్లలు ఉచ్చారణ దిద్దుకున్నారు.

సునామీ తాకిన కాళికుప్పం అనే తమిళ పల్లెలో పిల్లలు ఇంగ్లిషులో ఉన్న జీవసాంకేతిక పాఠాలను తమంతట తామే చదివి, పరీక్షలో 30 శాతం దాకా తెచ్చుకున్నారు. తర్వాత, ఆ శాస్త్రం తెలియని ఒక యువతి అమ్మమ్మలా వెనుక నిలబడి మెచ్చుకుంటూ, అడుగుతూ ఉంటే 50 శాతానికి చేరారు.

పట్టించుకునేవారు లేనిచోట ఇలాంటి కంప్యూటర్లు మూలనపడ్డాయి కూడా. యంత్రం ఒక్కటే చాలదన్నమాట.

మన సంఘాల గదుల్లో నలుగురు పిల్లలకు ఒక కంప్యూటర్, పక్కన గంటసేపు కూర్చునే పెద్ద ఒకరు ఉంటే మొదలుపెట్టవచ్చు. ఆ పెద్దకు కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదివే మన పిల్లల చేత, నేర్చినదాన్ని తెలుగులో చెప్పించుకుంటే ఇంటి భాషా నిలుస్తుంది.