ఎత్తు తరిగినా వన్నె తగ్గని నాణెం

రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలను కాలక్రమంలో తూచి చూస్తే ఎత్తు తరుగుతూ పోయింది. జూలియస్ సీజర్ ఒక రోమన్ పౌను బంగారంతో 40 ఆరియస్‌లు కొట్టించాడు. క్రీ.శ. 64లో నీరో 45 చేశాడు, కరకల్లా 50, డయోక్లీషియన్ 60. కాన్‌స్టాంటైన్ 72కి తెచ్చి, నాలుగున్నర గ్రాముల సాలిడస్‌ను నిలబెట్టాడు. ఎత్తు ఇంత కరిగినా వన్నె మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. వెండికి ఆ మన్నన దక్కలేదు. నీరోయే అందులో రాగి పాలు పెంచాడు. రెండు వందల ఏళ్లు తిరిగేసరికి, గాలియెనస్ ఏలుబడి చివర, వెండి నాణెమని చెలామణి అయినదాంట్లో వెండి నూటికి ఐదు పాళ్లు కూడా లేదు.

బంగారం వన్నెను కాపాడింది చక్రవర్తుల ధర్మబుద్ధి కాదు. బంగారం ఎవరి చేతుల్లో తిరిగేదో చూస్తే సంగతి అర్థమవుతుంది. ఒక ఆరియస్‌కు 25 వెండి దెనారియస్‌లు. అగస్టస్ కాలంలో కాల్బలపు సైనికుడి ఏడాది జీతం 225 దెనారియస్‌లు, అంటే 9 ఆరియస్‌లే. బంగారాన్ని దాచుకునేది సెనేటర్లు, సేనాపతులు, పెద్ద వర్తకులు. వాళ్ల దగ్గర త్రాసు ఉంది, గీటురాయి ఉంది. సముద్రం దాటాక పరీక్ష ఇంకా కఠినం. మన వినుకొండలో టైబీరియస్ మొదలు కరకల్లా వరకు రోమన్ బంగారు నాణేలు దొరికాయి. తమిళనాట పుదుక్కోట్టైలో 1898లో బయటపడ్డ 501 నాణేల్లో చాలావాటిపై చక్రవర్తి తల మీదుగా ఉలి గాటు ఉంది. ఆ గాటుకు కారణం ఏదైనా, బొమ్మను ఖాతరు చేయలేదు, లోహాన్ని మాత్రం దాచుకున్నారు.

గాలియెనస్ కాలంలో బంగారంలోనూ కల్తీ జరిగింది కదా అనవచ్చు. జరిగింది. కానీ కొద్ది కాలానికే వచ్చిన ఆరేలియన్ బంగారాన్ని మళ్లీ గాడిన పెట్టాడు. వెండికి చేసింది పైపై మరమ్మతే. ఫలితం అంకెల్లో కనిపిస్తుంది: నీరో కాలంలో పౌను బంగారం 1,125 దెనారియస్‌లైతే, 301 నాటి డయోక్లీషియన్ ధరల శాసనంలో 72,000.

సాలిడస్ ఏడు వందల ఏళ్లు నిలిచి వర్తకానికి ఊపిరి పోసిందన్నది మరింత బలమైన అభ్యంతరం. నిజమే, అది చేతిలో ఉన్నవాళ్లకు. చిల్లర వర్తకుడు సంపాదించేది రాగి, పన్ను కట్టవలసింది బంగారంలోనో వెండిలోనో. మారకంలో నష్టమంతా అతనిదే. నాలుగో శతాబ్దపు అజ్ఞాత రచయిత ఒకరు కాన్‌స్టాంటైన్ వెదజల్లిన బంగారం శ్రీమంతుల ఇళ్లు నింపి పేదలను అణచివేసిందని చక్రవర్తులకే విన్నవించాడు. వాళ్లు పట్టించుకున్నది వేరే సంగతి: 360లలో వాలెంటీనియన్ ప్రభుత్వం పన్నుగా వచ్చిన సాలిడస్‌లను కరిగించి, శుద్ధి చేసి, కడ్డీలుగానే ఖజానాకు పంపమంది.