తీర్పునకు, శిక్షకు నడుమ

చెల్లించిన జుల్మానాను తిరిగి యీయవచ్చును. చెరలో నున్నవానిని విడువవచ్చును. తీసిన ప్రాణమును మాత్రము మరల నీయుట ఎవరి తరమును కాదు. కనుకనే పునర్విచారణకై పెట్టిన అర్జీ తేలువరకు శిక్షను నిలుపు పద్ధతి అనేక దేశములలో నేర్పడినది. అట్టి నిలుపుదల యొక్కటియే న్యాయమునకు చాలునా? అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున జరిగిన సాకో, వాంజెట్టీల వ్యాజ్యము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది.

1920 ఏప్రిల్ 15న సౌత్ బ్రెయిన్‌ట్రీ అను ఊరిలో ఒక పాదరక్షల కర్మాగారపు జీతముల సొమ్మును తీసికొనిపోవుచున్న ఇరువురిని దుండగులు కాల్చి చంపి, 15 వేల డాలర్లకు పైగా దోచుకొనిపోయిరి. మూడు వారములు తిరుగకమునుపే పోలీసులు నికోలా సాకోను, బార్టొలోమియో వాంజెట్టీని పట్టుకొనిరి. ఇరువురును ఇటలీనుండి వలసవచ్చినవారు. సాకో చెప్పుల కర్మాగారమున పనివాడు. వాంజెట్టీ చేపలమ్మి పొట్టపోసికొనువాడు. రాజ్యాధికారమే వలదను అరాజకవాదము వారి మతము. ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, విదేశీయులన్నను విప్లవమన్నను ఆ దేశము ఉలికిపడుచున్న దినములవి. 1921 జూలై 14న జ్యూరీ వారిని దోషులని నిర్ణయించెను.

నాటి పద్ధతి ననుసరించి, అర్జీలు తేలువరకు న్యాయాధిపతి శిక్షను విధింపలేదు. ఇంచుమించు ఆరేండ్లు గడచెను. కొందరు సాక్షులు మాట మార్చిరి. 1925 నవంబరులో, సాకో ఉన్న చెరసాలలోనే మరొక హత్యకు దోషిగా నిర్ణయింపబడియున్న సెలెస్టినో మదైరోస్, ఆ దోపిడిలో తాను పాల్గొంటిననియు, సాకో వాంజెట్టీలు అందు లేరనియు వ్రాసియిచ్చెను.

ఈ అర్జీలన్నియు ఎవరి యెదుటికి పోయినవి? మొదట విచారణ జరిపిన వెబ్‌స్టర్ థేయర్ యెదుటికే! తాను జరిపిన విచారణలో లోపమున్నదో లేదో తానే చెప్పవలెను. ఆయన అన్నింటిని త్రోసివేసెను. రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానమునకు న్యాయసూత్రములను పరిశీలించు అధికారమే కాని, సాక్ష్యమును మరల తూచు అధికారము లేకుండెను. 1927 ఏప్రిల్ 5న అదియు కాదనెను. 9వ తేదీన థేయరే మరణశిక్ష విధించెను.

గవర్నరు ఫుల్లర్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు లోవెల్ మొదలగు మువ్వురితో ఒక సంఘము నేర్పరచెను. న్యాయాధిపతి న్యాయస్థానము వెలుపల ముద్దాయిలను గూర్చి నోరుజారుట తప్పని సంఘము ఒప్పుకొనెను. విచారణ మాత్రము సక్రమమే యనెను. ఆగస్టు 10 రాత్రి, గంట వ్యవధియైన లేనప్పుడు, 12 దినముల వాయిదా దొరకెను. 23వ తేదీ, అర్ధరాత్రి దాటగనే మదైరోస్, ఆతని వెనుక సాకో, వాంజెట్టీలు విద్యుదాసనమున అసువులు బాసిరి.

వారు నిర్దోషులా యను వివాదము నేటికిని తెగలేదు. కాని మరణశిక్షకు దారితీయు వ్యాజ్యములలో ఉన్నత న్యాయస్థానము వాస్తవములను గూడ పరిశీలించునట్లు 1939లో ఆ రాష్ట్రమున చట్టము వచ్చెను. వారు మరణించిన 50 ఏండ్లకు, 1977లో, గవర్నరు డుకాకిస్ వారి విచారణ న్యాయముగా జరుగలేదని ప్రకటించెను.

శిక్షను నిలుపుట వలన లభించునది కాలము మాత్రమే. ఆ కాలములో ఆ మొరను మరియొకరు వినవలెను. సాకో, వాంజెట్టీలకు ఆరేండ్ల కాలము దొరకినది. వినువారు మాత్రము మారలేదు.