తృతీయా ప్రకృతి: శాస్త్రం గుర్తించినది, చట్టం శిక్షించినది

అర్చక సంకల్పంలో పురుషునికి ‘గోత్రోద్భవస్య’ అనీ, స్త్రీకి ‘గోత్రోద్భవాయాః’ అనీ చెబుతాము. పూర్వం తనకున్న పురుషనామాన్ని విడిచి స్త్రీనామం స్వీకరించిన ఒక భక్తురాలు సన్నిధికి వచ్చి గోత్రనామాలు చెప్పినప్పుడు, సంకల్పం నా నోట క్షణకాలం ఆగింది. ఆమె అది గమనించి తల వంచుకున్నది. ఆ సంకోచానికి మూలం ఎక్కడున్నదో విచారించడం నాకు విధి అయింది.

మన పూర్వులకు ఈ విషయం అపరిచితం కాదు. అమరసింహుడు మనుష్యవర్గంలో ‘తృతీయా ప్రకృతి’ అనే పదాన్ని చేర్చాడు. వాత్స్యాయనుడూ ఆ పదాన్నే వాడాడు. విరాటపర్వంలో అర్జునుడు బృహన్నలయై ఉత్తరకు నృత్యగీతాలు నేర్పాడు. ఉద్యోగపర్వంలోని అంబోపాఖ్యానం శిఖండి వృత్తాంతాన్ని వివరిస్తుంది. భాగవత నవమస్కంధంలో సుద్యుమ్నుడు స్త్రీత్వం పొందిన కాలంలోనే బుధుని వలన పురూరవుడు జన్మించాడు. అనగా చంద్రవంశానికి మూలమైన జననమే అట్టి దేహంలో జరిగింది.

అయితే సత్యాన్ని దాచరాదు. మనుస్మృతి నపుంసకునికి దాయభాగం నిరాకరించింది. కాని ఆ వెంటనే, దాయాదులు అట్టివారికి యావజ్జీవం అన్నవస్త్రాలు ఇచ్చి పోషించాలని విధించింది. అది సమత్వం కాదు. అయినా ఆ జన్మను నేరంగా ఎంచలేదు.

నేరంగా ఎంచినది తరువాతి కాలపు రాజశాసనం. 1871 నాటి బ్రిటిషు నేరస్థ జాతుల చట్టం రెండవ భాగం వీరి పేర్లను పోలీసు పట్టికలలోకి ఎక్కించింది. పట్టికకెక్కినవారు స్త్రీవేషంతో వీధిలో కనబడితే వారంటు లేకుండా నిర్బంధించవచ్చు. రెండేళ్ల కారాగారం విధించవచ్చు. దత్తత స్వీకరించే, మరణశాసనం వ్రాసే అధికారాలనూ అది హరించింది. నిజాం ఏలుబడిలోని హైదరాబాదు రాజ్యంలో ఫసలీ 1329, అనగా 1919లో, ఇదే పోలికతో మరొక చట్టం వచ్చింది. స్వాతంత్ర్యానంతరం కూడా అది గ్రంథస్థమై నిలిచింది.

2014 ఏప్రిల్ 15న సర్వోన్నత న్యాయస్థానం తృతీయ లింగాన్ని గుర్తిస్తూ, తన లింగాన్ని తానే నిర్ణయించుకొనే హక్కు వ్యక్తికి ఉన్నదని తీర్పు చెప్పింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ 1919 నాటి చట్టాన్ని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. శాసనం తొలగినా, అది జనుల చూపులో నాటిన అనుమానం తొలగడానికి కాలం పడుతుంది. నా నోట ఆగిన సంకల్పం దానికి నిదర్శనం. స్మృతి చూపిన వివక్షను, శాసనం నేర్పిన శంకను ఎరగకుండానే మోస్తున్నాము.

వేదాంతమైతే ఈ విషయంలో నిస్సందేహం. జీవుడు స్త్రీ కాడు, పురుషుడు కాడు, నపుంసకుడూ కాడు. ఏ దేహాన్ని ధరిస్తే దానితో కూడి ఉంటాడని శ్వేతాశ్వతరోపనిషత్తు పంచమాధ్యాయం బోధిస్తుంది. నిత్యం ఈ ఉపనిషత్తును పారాయణ చేసే నోరు, ఒక దేహాన్ని చూసి మూగబోతే ఆ పారాయణకు ఫలమేమి?

సంకల్పం భక్తుని పక్షాన భగవంతునికి చేసే విన్నపం. తాను ఎవరో చెప్పవలసినది భక్తుడు. దానిని స్వరం తప్పకుండా విన్నవించడమే అర్చకుని ధర్మం. మరుసటి మాసం ఆమె మళ్లీ వచ్చింది. ‘గోత్రోద్భవాయాః’ అని స్పష్టంగా ఉచ్చరించి, ఆమె చెప్పిన పేరుతోనే అర్చన చేశాను.