మార్లవాయి గుడిసె, మా అవ్వ గుమ్మి

మా బడిలో కొమురం భీం పాఠం చెప్పిన రోజు నాలుగో తరగతి పిల్ల ఒకతె లేచి అడిగింది. "సార్, భీం దాదా పోయినంక వాళ్ళందరు యాడ ఉన్నరు? ఇండ్లు ఎవరు కట్టిచ్చిండ్రు?" నేను టీటీసీ చదివిన. పిల్లలు ఏ ప్రశ్న అడిగితే ఏ జవాబు చెప్పాలో కొంత నేర్పారు. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం నేర్పలేదు. పాఠంలో పోరాటం ఉంది, తుపాకులు ఉన్నాయి. పోరాటం తర్వాత పొయ్యి ఎక్కడ పెట్టుకున్నారో లేదు.

మా ఆదిలాబాద్ నిజాం రాజ్యానికి ఉత్తర అంచు. చలికాలం తెల్లవారి లేస్తే గిన్నెధరి, సిర్పూర్ (యు) గుట్టల మీద గడ్డిపోచలు మంచుతో వంగిపోయి ఉంటాయి. గోండులు ఈ నేలకు కొత్తవాళ్ళు కారు. అయితే పాతవాళ్ళనే మళ్ళీ మళ్ళీ కొత్తగా స్థిరపడేలా చేసింది సర్కారు. మనవాళ్ళు గుట్ట మీది తేలిక నేలలో వానకాలం పంట తీసేవారు. కొన్నేండ్లకు దాన్ని పడావు పెట్టి పక్క నేలకు పోయేవారు. ఊరు కూడా అట్లనే జరిగేది. రోగం వచ్చినా, నేల సారం తగ్గినా వాసాలు పీక్కొని ఇంకోచోట పాతేవారు. అటవీశాఖ గీత గీసినప్పుడు ఆ పడావు భూములన్నీ "ఖాళీ" అని లెక్కలోకి పోయాయి. విశ్రాంతి తీసుకుంటున్న భూమిని ఖాళీ అన్నారు! పశువుల మేతకు బంబ్రాం పన్ను వేశారు. నాగలి కర్ర కొట్టుకున్నా జవానుకు ఏదో ఒకటి ముట్టజెప్పాలి.

బాబెఝరి దగ్గర అడవి నరికి కట్టుకున్న గుడిసెలను అటవీ సిబ్బంది కాల్చేశారు. భీం తుపాకీ పట్టడానికి ముందు జరిగిన సంగతి అది. 1940లో జోడేఘాట్ గుట్ట మీద ఆయన చనిపోయాడు. సర్కారు కాగితం ఏ తేదీ చెప్పినా మనం ఆశ్వయుజ పౌర్ణమికే తలుచుకుంటాం.

ఆ తర్వాత నిజాం సర్కారుకు భయం పట్టింది. గోండుల బాధలు తెలుసుకోవడానికి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ వచ్చాడు. వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. భార్య బెట్టీ ఎలిజబెత్. 1939లో యుద్ధం మొదలైనప్పుడు ఆయన దగ్గర జర్మనీ పాస్‌పోర్టు ఉంది. బ్రిటిష్‌వాళ్ళ లెక్కలో శత్రుదేశపు మనిషి. హైదరాబాద్ రాజ్యం దాటిపోయే స్వేచ్ఛ లేదు. ఇంటికి పోలేని ఆలుమగలు, ఇల్లు నిలుపుకోలేని మనుషుల మధ్యకు వచ్చారన్నమాట. మార్లవాయిలో వాళ్ళు ఉన్నది బంగళాలో కాదు. వెదురు తడికకు మట్టి మెత్తి, గడ్డి కప్పిన గుడిసెలో, మనలాగే. లచ్చుపటేల్ ఊరి పట్లా.

1943లో అక్కడే బడి, ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. మరాఠీ అక్షరాలు కొద్దోగొప్పో వచ్చిన గోండు యువకులనే పంతుళ్ళుగా తయారు చేశారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. ఆనాటి అధికారి సేతుమాధవరావు గోండి నేర్చుకొని మనవాళ్ళతో గోండిలోనే మాట్లాడేవాడు. నాకు టీటీసీ సర్టిఫికెట్ ఇచ్చిన కాలేజీ కన్నా ముందే ఈ గుట్టల్లో మట్టిగోడల శిక్షణ కాలేజీ ఉండేదని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాకే.

తర్వాత పట్టాలు వచ్చాయి. వేల కుటుంబాలకు భూమి దక్కింది. చరిత్ర రాసేవాళ్ళు ఇక్కడ చుక్క పెట్టి ముందుకు పోతారు. పట్టా కాగితం. అది వాన ఆపదు. మా అవ్వకు పట్టా వచ్చిన సంవత్సరం గుర్తు లేదు, ఇల్లు కట్టిన వరుస మాత్రం చనిపోయేదాకా గుర్తుంది.

మొదట ఊరి కోసం అకిపేన్‌ను నిలబెట్టారు. తర్వాతనే ఇండ్లు. మా తాత, ఆయన తమ్ముళ్ళు నిట్టాళ్ళు పాతారు. ఒక ఇంటి పనికి ఊరంతా వచ్చేది. కూలి లేదు, జొన్న గటక, పప్పు పెట్టాలి. తడికలకు వెదురు చీల్చి అల్లడంలో కొలాముల చేతికి మించింది లేదు. వాళ్ళకు జొన్నలు కొలిచి ఇచ్చి అల్లించుకున్నారు. గొడ్డలి, కర్రు ఖాతి కొలిమిలో సాగదీయించారు. అక్కడిదాకా మగవాళ్ళ పని. మిగిలినదంతా ఆడవాళ్ళది. మన్ను తవ్వడం, గడ్డి ముక్కలు కలిపి కాళ్ళతో తొక్కడం, రెండు దిక్కుల నుంచి తడికకు మెత్తడం, ఎండినాక పగుళ్ళు పూడ్చడం, పెండతో అలకడం. మా నాయన అప్పుడు చంటిపిల్లవాడు. చీరతో వీపుకు కట్టుకొని మన్ను తొక్కిందట. "నీ అయ్య నిద్రల ఊగిందే ఆ తొక్కుడుకు" అనేది.

అన్నిటికన్నా ఆమెకు గొప్ప గుమ్మి. మనిషి ఎత్తు వెదురు గుమ్మి. లోపలా బయటా మట్టి, పెండ కలిపి పూయాలి. ఒక పూత ఎండాక ఇంకో పూత. తొందరపడితే పగులుతుంది, పగిలితే పురుగు పడుతుంది. మొదటి ఏడు పంట సగం గుమ్మికి కూడా రాలేదు. ఆ ఏడు చలిజ్వరం వచ్చి ఒక బిడ్డ పోయింది. అవ్వ ఈ రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పేది. ఇప్పపూలు ఎండబెట్టి దాచినవి ఉండబట్టి మిగతావాళ్ళం బతికినం అనేది. రెండో ఏడు గుమ్మి నిండింది. "ఇగ ఊరు మనది" అనుకున్నది ఆ రోజేనట, పట్టా వచ్చిన రోజు కాదు.

గుమ్మి ఉన్నా భూమి నిలవలేదు. రోడ్లు పడ్డాయి, వ్యాపారులు వచ్చారు. మా తాత పొలంలో సగం ఒక వ్యాపారి అప్పు కింద పోయింది. ఉప్పు, బట్టలు, ఒక పెండ్లి ఖర్చు, అంతే అప్పు. 1959 చట్టం, 1970లో దాన్ని బిగించిన 1/70 చట్టం మనకు ఉన్నాయని మా తాతకు ఎవరూ చెప్పలేదు. హైమెండార్ఫ్ 1970ల చివర్లో తిరిగి వచ్చి చూసేసరికి, తన కాలంలో ఇప్పించిన భూములు ఎన్నో చేతులు మారి ఉన్నాయి. ఆ బాధ ఆయన 1982లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. ఆయన పేరు మనవాళ్ళు దేవుడి పేరులా తలుస్తారు, తప్పు లేదు. కానీ ఆయన పక్కన ఉండి రోజూ డైరీ రాసిన బెట్టీ పేరు ఎంతమంది పంతుళ్ళు చెబుతారు? 1987లో హైదరాబాద్‌లో చనిపోతే ఆమెను మార్లవాయికే తెచ్చి పూడ్చారు. 1995లో లండన్‌లో చనిపోయిన ఆయన అస్థికలు చాలా ఏండ్ల తర్వాత ఆమె పక్కకు చేరాయి. ముందు వచ్చి పడుకున్నది ఆమె.

ఆ పిల్ల ప్రశ్నకు నేను నోటితో జవాబు చెప్పలేదు. ఇంటి దగ్గర చేసుకొని రమ్మని పిల్లలకు ఒక ప్రాజెక్టు ఇచ్చిన: మీ తాతల నాటి ఇల్లు నమూనా. అట్ట, ఫెవికాల్ వద్దు, మన్ను, వెదురు, గడ్డి. వారం తర్వాత బడి వరండా నిండా చిన్న ఊరు వెలిసింది. గోడలు వంకర, కప్పు జారింది, అయినా ఇండ్లే. గుమ్మి మాత్రం ఎవరికీ కుదరలేదు. పూసిన ప్రతిసారీ పగిలింది. మా ఊర్లో ఇప్పుడు గుమ్మి ఉన్న ఇండ్లు రెండో మూడో. మిగతా అందరివీ ప్లాస్టిక్ సంచులే.

ప్రశ్న అడిగిన పిల్ల మరునాడు వాళ్ళ ముసలవ్వను చెయ్యి పట్టుకొని బడికి తెచ్చింది. ఆమె వరండాలో కూర్చొని పిల్లలు కలిపిన మన్ను వేళ్ళ మధ్య నలిపి చూసింది. పెండ తక్కువైంది అన్నది. కొంగు నడుముకు చుట్టి, బకెట్ దగ్గరికి జరుపుకున్నది.