ఇరవై నాలుగేళ్లకు బ్యాలే మొదలుపెట్టిన రుక్మిణీదేవి

ఇరవై దాటాక డాన్స్ నేర్చుకుంటానంటే ఇంట్లో వినపడే మొదటి మాట మీకు తెలుసుగా? "ఈ వయసులో ఇప్పుడెందుకు?" అని. బ్యాలే అంటే ఇంకా కష్టం. కాళ్లు తుంటి దగ్గర్నుంచే బయటికి తిప్పి ఆడాలి, కాలి వేళ్ల కొనల మీద నిలబడాలి. అందుకే అందులో పైకి రావాలనుకునేవాళ్లు చిన్నప్పుడే చేరిపోతారు. ఒకప్పుడు బ్యాలే అనగానే ప్రపంచమంతా చెప్పుకున్న పేరు అన్నా పావ్లోవా. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్ చక్రవర్తుల బ్యాలే స్కూల్లో ఆవిడ చేరింది 1891లో, పదేళ్ల వయసులో.

ఇప్పుడు 1928కి వద్దాం. పావ్లోవా బృందం బొంబాయి వచ్చింది. ఆ ప్రదర్శన చూసినవాళ్లలో రుక్మిణీదేవి అరండేల్ ఉన్నారు. మదురైలో 1904లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. పదహారేళ్లకే దివ్యజ్ఞాన సమాజంలో పనిచేసే ఇంగ్లీషాయన జార్జ్ అరండేల్‌ని పెళ్లి చేసుకున్నారు. అప్పట్లో మద్రాసులో పెద్ద గొడవే అయింది లెండి.

తర్వాత ఆ దంపతులు ఆస్ట్రేలియాకి ఓడెక్కారు. చూస్తే అదే ఓడలో పావ్లోవా! ప్రయాణంలో స్నేహం కుదిరింది. రుక్మిణీదేవి బ్యాలే మొదలుపెట్టారు. నేర్పింది పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి. అప్పటికి రుక్మిణీదేవికి ఇరవై నాలుగేళ్లు.

మరి బ్యాలేరినా అయ్యారా? కాలేదు. పావ్లోవాయే ఆవిడకి, మీ దేశపు నాట్యాన్ని వెతుక్కోమని సలహా ఇచ్చింది. ఆ మాట పనిచేసింది. 1933లో మద్రాసు మ్యూజిక్ అకాడమీలో రుక్మిణీదేవి మొదటిసారి సదిర్ చూశారు. సదిర్ అంటే ఇప్పుడు మనం భరతనాట్యం అంటున్నామే, అదే. అప్పట్లో దాన్ని ఆడేది దేవదాసీ కుటుంబాల ఆడవాళ్లు. మన గోదావరి జిల్లాల్లో కలావంతులు ఉండేవారు కదా, అలాంటి కుటుంబాలన్నమాట. "మంచి ఇంటి" ఆడపిల్లలు ఆ ఛాయలకే వెళ్లకూడదనేవారు.

అయినా ఆవిడ వెళ్లారు. మైలాపూర్ గౌరీ అమ్మాళ్ దగ్గర, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర నేర్చుకున్నారు. 1935 డిసెంబరులో అడయారులో, దివ్యజ్ఞాన సమాజం వజ్రోత్సవాల్లో మొదటిసారి స్టేజీ ఎక్కారు. ముప్పై ఒక్కేళ్లు! మర్నాటి ఏడాదే కళాక్షేత్ర పెట్టేశారు.

బ్యాలే నేర్చుకున్నది వృథా అయిందా అంటే, నాకైతే కాలేదనే అనిపిస్తుంది. ఏ బ్యాలే క్లాసులోనైనా మొదట చేయించేది ప్లియే. మడమలు కలిపి, మోకాళ్లు పక్కలకి తెరిచి కిందికి వంగడం. భరతనాట్యంలో అరమండి చూడండి, అక్కడా మోకాళ్లు పక్కలకే. కాకపోతే బ్యాలే అక్కణ్నుంచి గాల్లోకి లేస్తుంది, మనది నేలని కొడుతుంది. ఆ తర్వాత రుక్మిణీదేవి నాట్యానికి తెచ్చిన మార్పులు చూసినా, స్టేజీ లైటింగ్, దుస్తుల డిజైన్, డాన్సర్ వెనకే నడుస్తూ వాయించేవాళ్లని పక్కన కూర్చోబెట్టడం, వీటన్నిట్లో థియేటర్ బాగా చూసిన మనిషి కన్ను కనిపిస్తుంది.

కానీ ఈ కథని "వయసు అడ్డు కాదు" అని రీల్ చేసి వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఆవిడ ముప్పై దాటాక మొదలుపెడితే ఆ నాట్యానికి గౌరవం తెచ్చారన్నారు. పుట్టినప్పట్నుంచీ అదే నాట్యంలో ఉన్నవాళ్ల సంగతేంటి? 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. ఆడపిల్లల్ని దేవుడికి అంకితమివ్వడాన్ని ఆపారు, అది అవసరమే. దాంతోపాటు గుళ్లో వాళ్లు ఆడటాన్నీ నిషేధించారు. అప్పుడు కోస్తా ఆంధ్ర కూడా మద్రాసు రాష్ట్రంలోదే, కాబట్టి అదే చట్టం ఇక్కడా వచ్చింది.

ఆ సంప్రదాయంలోంచే వచ్చిన బాలసరస్వతి 1925లో, ఏడేళ్లకే, కాంచీపురంలో అరంగేట్రం చేశారు. క్షేత్రయ్య తెలుగు పదాలకి ఆవిడ అభినయం చాలా పేరున్నది. శృంగారం పాలు ఎక్కువైందని రుక్మిణీదేవి కొన్ని పదాలు పక్కన పెడితే, శృంగారం లేకపోతే ఈ నాట్యమే లేదని బాలసరస్వతి వాదించారు.

ఒకరు ఏడేళ్లకి స్టేజీ ఎక్కారు, ఇంకొకరు ముప్పై ఒకటికి. ఇద్దరికీ నేర్పినవాళ్లలో ఒకరు మాత్రం ఒక్కరే. ఆ మైలాపూర్ గౌరీ అమ్మాళే, కపాలీశ్వరుడి గుడి దేవదాసి.