బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి

పెరంబూరులో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అపార్ట్‌మెంటు కింద, స్తంభం పక్కన, కవరు కప్పిన తెల్ల స్విఫ్ట్ డీజిల్ నిలబడి ఉంది. 2014 మోడల్, వీడీఐ. ఇంటాయన నెల్లూరు వైపు మనిషి, రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. "రండి బాబూ, ముందు కాఫీ తాగుదురుగాని" అంటున్నారు. కాఫీ తర్వాత తాగుదాం. ముందు కవరు తీయించి బానెట్ మీద అరచెయ్యి ఆనించండి.

చల్లగా ఉంది. మంచిది. వెచ్చగా తగిలి ఉంటే, మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. అప్పుడు మర్యాదగా "రేపు పొద్దున వస్తామండీ, అప్పటిదాకా బండి తీయకండి" అని వచ్చేయడమే. డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. రింగులు అరిగి ఆ నొక్కుడు తగ్గితే, రాత్రంతా చల్లబడిన ఇంజన్ ఒక పట్టాన అందుకోదు. వేడి మీద ఉన్న ఇంజన్ మాత్రం ఎంత ముసలిదైనా ఒక్క తిప్పుకే లేస్తుంది. చాలా రోగాలు మొదటి అర నిమిషంలోనే బయటపడతాయి.

మీతో వచ్చిన మెకానిక్ మాధవరం కుర్రాడు. ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగిస్తాడు. "సార్, కీ ఆన్ చేసి ఆగండి. ఆ చుట్ట గుర్తు ఆరిపోనీండి." మీటరులో పసుపుపచ్చగా వెలిగిన హీటర్ ప్లగ్ దీపం ఆరింది. "ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి."

రెండు తిప్పులకే అందుకుంది. మొదట గరగరమని ఓ చప్పుడు వచ్చి, రెండు మూడు సెకన్లలో సద్దుమణిగింది. కుర్రాడు చెయ్యెత్తి ఆగమన్నాడు. "చైన్ సార్. ఇప్పుడే భయం లేదు. ఆయిల్ మాత్రం టైముకు మార్చాలి." ఈ ఇంజన్లో టైమింగ్ బెల్టుకు బదులు గొలుసు ఉంటుంది. ఆయిల్ మార్చడం వాయిదా వేసిన కొద్దీ ఆ గొలుసు, దాన్ని బిగపట్టే టెన్షనరు అరుగుతాయి. ఈ బండికి సర్వీసు ఎవరు చేయించారు, ఎప్పుడెప్పుడు చేయించారు అన్న బిల్లులు బయటికి తీయమనడానికి ఇదే సమయం.

కుర్రాడు వెనక్కి వెళ్ళి సైలెన్సర్ దగ్గర కూర్చున్నాడు. మీరూ వెళ్ళి చూడండి. నల్ల పొగ కక్కుతుంటే గాలి చాలడం లేదు, లేదా ఇంజెక్టర్లు లెక్కకు మించి డీజిల్ పోస్తున్నాయి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. బండి వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి దిగుతోందేమోనని అనుమానించాలి. ఇక్కడ మొదట కాస్త తెల్లగా వచ్చి ఆగిపోయింది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజన్ నడుస్తుండగానే కుర్రాడు ఆయిల్ పోసే మూత తిప్పి తీశాడు. దాన్ని తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టి చెయ్యి వదిలేశాడు. మూత సన్నగా వణుకుతోంది, పక్కకు జారడం లేదు. మూత తీసి వేళ్ళు అడ్డం పెట్టాడు. వెచ్చటి గాలి, నూనె వాసన, అంతే. అక్కడి నుంచి బుసబుసమని పొగ ఎగజిమ్మితే, మూత ఎగిరి పడితే, సిలిండర్లలోని ఒత్తిడి రింగులు దాటి కిందికి వస్తున్నట్టు. అలాంటి బండిని ఎంత తక్కువకు ఇస్తానన్నా వద్దనండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కాటుకలా ఉందని మాత్రం కంగారు పడకండి. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా త్వరలోనే నల్లబడుతుంది.

చెన్నైలో ఇంకొకటి చూడాలి. డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి మూరలో మట్టి చార ఉందా? స్టెప్నీ గుంటలో, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు ఉందా? కార్పెట్ అంచు ఎత్తి వాసన చూడండి. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకూ వేళచేరి, పళ్ళికరణై, ముడిచూరు వైపు ఎన్నో కార్లు నీళ్ళలో నిలిచాయి. వాటిలో కొన్ని తుడిచి, పాలిష్ పెట్టించుకుని మళ్ళీ అమ్మకానికి వచ్చాయి. డీజిల్ ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోతే నష్టం మరీ ఎక్కువ. నీరు నొక్కుకుపోదు కదా, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. కారు మీదయ్యాక కూడా ఇది గుర్తుంచుకోండి: నీళ్ళలో బండి ఆగితే మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. తోయించి, టో చేయించి బయటికి తెచ్చుకోండి.

సరే, తలుపులు వేసుకోండి. ఓ రౌండు వెళ్ళొద్దాం.

మూలకడై కూడలిలో ఎనిమిది గంటల ట్రాఫిక్. ఫస్ట్, సెకండ్, క్లచ్, మళ్ళీ ఫస్ట్. యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక్క క్షణం ఆలోచించి కదులుతోంది. రెండు వేల ఆర్‌పీఎం లోపు టర్బో పూర్తిగా అందుకోదు, అందుకే ఈ బరువు. ముందు ఆటో, పక్కన ఎమ్‌టీసీ బస్సు, మధ్యలోంచి దూరిపోయే స్కూటీ. ఎడమ మోకాలు అప్పుడే లాగుతోంది. రోజూ అన్నానగర్ నుంచి టీ నగర్‌కు ఇలాగే వెళ్ళి రావాలంటే ఈ ఇంజన్ మీకు సుఖం ఇవ్వదు, మీరు దానికి సుఖం ఇవ్వరు. సరిగ్గా వేడెక్కకముందే ఆగిపోయే బండిలో కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు నిండా మసి పేరుకుంటుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు కూడా ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే అప్పుడప్పుడూ హైవే ఎక్కాలి.

మాధవరం దాటింది. పుళల్ దాటింది. జీఎన్‌టీ రోడ్డు వెడల్పయింది. నాలుగో గేరులో కాస్త తొక్కండి. అదిగో, వీపు సీటుకు ఆనుకుంది. 1248 సీసీ చిన్న ఇంజన్, 75 హార్స్‌పవర్. కానీ 190 న్యూటన్ మీటర్ల టార్క్ అంటే ఆ సైజు టర్బో లేని పెట్రోలు ఇంజన్ ఇవ్వలేని లాగుడు. లారీని దాటడానికి గేరు తగ్గించాల్సిన పనే పడలేదు. ఐదో గేరులో ఎనభై మీద పెడితే ఇంజన్ చప్పుడు టైర్ల చప్పుడులో కలిసిపోయింది.

ఈ ఇంజన్ పుట్టుక ఫియట్‌ది. 1.3 మల్టీజెట్. 2007లో స్విఫ్ట్‌లోకి వచ్చింది. తర్వాత డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో, లీనియా, ఇలా ఎన్ని బానెట్ల కిందికి చేరిందంటే, భారత జాతీయ ఇంజన్ అని పిలవడం మొదలుపెట్టారు. అంతకుముందు 2006 బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. 2012 వేసవికి పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య లీటరుకు ముప్పై రూపాయల తేడా వచ్చింది. జనం డీజిల్ చిన్న కార్ల కోసం నెలల తరబడి ఎదురుచూశారు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశారు, ఆ తేడా కరిగిపోతూ వచ్చింది. 2020లో మారుతి డీజిల్ కార్లే ఆపేసింది. ఇవాళ పాత మార్కెట్లో కనిపించే చిన్న డీజిల్ కార్లలో ఎక్కువ భాగం ఆ మధ్య కాలపు పంటే.

కారు మీదైంది అనుకుందాం. శనివారం తెల్లవారుజాము, డిక్కీలో సంచులు, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు, మీ ఆవిడ ఒడిలో పులిహోర డబ్బా. గుమ్మిడిపూండి దాటాక ఆరంబాక్కం దగ్గర బంకులోకి తిప్పండి. తెలుగువాళ్ళ కార్లు ఇక్కడ వరుసగా ఆగుతాయి. సరిహద్దు దాటి ఆంధ్రలోకి, తడకు వెళ్తే డీజిల్ లీటరుకు నాలుగైదు రూపాయలు ఎక్కువ. "ఫుల్ చేయి తమ్ముడూ." ట్యాంకు 42 లీటర్లు పడుతుంది. సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా నెల్లూరు చేరి తిరిగొచ్చినా సగం పైనే మిగులుతుంది. అమ్మానాన్నలు ఊళ్ళో ఉండి, నెలకు మూడు నాలుగు సార్లు వెళ్ళొచ్చే ఇంటికి ఈ బండి చేసే సాయం అంతా ఇంతా కాదు. పెట్రోలులో కలిపే ఇథనాల్ 20 శాతానికి చేరాక పాత పెట్రోలు కార్లవాళ్ళకు పట్టుకున్న దిగులు కూడా మీకు ఉండదు.

లెక్క కూడా ఇక్కడే వేసుకోండి. 2024 మార్చిలో ధరలు తగ్గించాక చెన్నైలో పెట్రోలు వంద పైన, డీజిల్ 92 పైన ఉండేవి. పెట్రోలు బండి 15, డీజిల్ బండి 20 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే కిలోమీటరుకు రెండు రూపాయలు మిగులు. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి 36 వేలు. 400 కిలోమీటర్లే తిరిగితే పది వేలు కూడా దాటదు. ఇంజెక్టరో, టర్బోనో ఒక్కసారి మొరాయిస్తే ఆ పది వేలు ఏ మూలకు?

ఎగ్మోరు పక్కనే, కూవం ఒడ్డున పాత కార్ల సామాను బజారు, పుదుపేట. బండికి అద్దం పగిలిన రోజు మీరూ ఇక్కడికి వస్తారు. దుకాణాల ముందు గేరుబాక్సులు గుట్టలుగా పడి ఉన్నాయి, తలుపులు నిలువునా పేర్చి ఉన్నాయి, గోడకు హెడ్‌లైట్లు వేలాడుతున్నాయి. కాలి కింద నేల నూనె ఇంకి నల్లగా మెరుస్తోంది. "ఏం బండి అన్నా? స్విఫ్టా? ఏ సంవత్సరం?" అని నాలుగు వైపుల నుంచీ పిలుస్తారు. అద్దాలు, డోరు, సీటు, లైటు, ఇవి ఇక్కడ నిశ్చింతగా కొనండి. బ్రేకు సామాను, ఇంజెక్టరు, టర్బో మాత్రం వద్దు, వాటి లోపలి అరుగుదల కంటికి కనిపించదు. ఫిల్టర్లు, ఆయిల్ కొత్తవే వేయించండి. వానాకాలంలో డీజిల్ ఫిల్టరులో చేరిన నీళ్ళు తీయించడం మరిచిపోకండి. మల్టీజెట్ బండికి ఉన్న పెద్ద బలం కూడా ఇక్కడే తెలుస్తుంది: దాని సామాను దొరకని ఊరు లేదు. మరైమలై నగర్లో తయారైన ఫోర్డ్ ఫిగో డీజిల్ అంతకంటే చవగ్గా దొరుకుతుంది, రోడ్డును పట్టుకుని పోతుంది. కానీ ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని 2021లో ప్రకటించింది. కొనేముందు మీ మెకానిక్‌ను దాని సామాను గురించి అడగండి.

కాగితాల సంగతి. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే ఆ బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి రానిదే డబ్బు ఇవ్వకండి. ఫారం 29, 30 మీద సంతకాలు అక్కడే చేయించుకోండి, ఇన్సూరెన్సు మీ పేరుకు మార్పించుకోండి. ఒకప్పుడు టీ బోర్డు మీద టాక్సీగా తిరిగి తెల్ల బోర్డుకు మారిన బండేమో విచారించండి. మీటరు తక్కువ చూపిస్తూ పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ మీటరును నమ్మకండి. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) 2015లో, సుప్రీంకోర్టు 2018లో చెప్పాక అక్కడి కార్లు తక్కువ ధరకు దక్షిణాదికి రావడం మొదలైంది. ఇక్కడ కట్టాల్సిన రోడ్డు ట్యాక్సు కలుపుకుంటే ఆ చవక అంతగా మిగలదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలని ఉంది. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. మీ బండి నల్లగా కక్కుతుంటే, వెనక స్కూటరు మీద బిడ్డను ముందు నిలబెట్టుకుని వస్తున్న తండ్రికి అది నేరుగా తగులుతుంది. "కాస్త పొగే కదా" అని వదిలేయొద్దు. అదే వారం చూపించండి.

పెరంబూరు పెద్దాయన మూడు లక్షల పైచిలుకు చెప్పారు. ఈ కారు రిజిస్ట్రేషన్‌కు 2029తో 15 ఏళ్ళు నిండుతాయి. ఆ తర్వాత ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ), గ్రీన్ ట్యాక్సు, ఐదేళ్ళకోసారి రెన్యూవల్. బేరం ఈ లెక్కతో ఆడండి, చైన్ ఖర్చు కూడా అందులోంచే తగ్గించమనండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు దాటి, అందులో సగమైనా హైవే మీద తిరిగేవాళ్ళయితే తీసుకోండి, ఈ డబ్బుకు ఇంతకంటే మంచి బండి దొరకదు. ఆఫీసుకూ, బడికీ, కూరగాయలకూ అయితే పెట్రోలు కారు చూసుకోండి.