చలిజ్వరం మాత్రలో కుడి ఎడమలు

అరకు కొండల్లో వానలు పడ్డాయంటే చలిజ్వరాలు మొదలైనట్టే. ఆశా కార్యకర్త వేలి కొసన సూదితో గుచ్చి, నెత్తుటి బొట్టు కిట్ మీద వేసి, గీత పడుతుందేమోనని చూస్తుంది. మలేరియా అని తేలితే ఇచ్చే మందుల్లో ప్రైమాక్విన్ ఒకటి. ఫాల్సిపారం రకం మలేరియాకు ఒక్క మోతాదు చాలు. కాలేయంలో నక్కి, తగ్గిందనుకున్నాక తిరగబెట్టే వైవాక్స్‌కు 14 రోజులు. ఆ మాత్రలో ఉన్నది నిజానికి రెండు మందులు. ఒక అణువూ, అద్దంలో దాని ప్రతిబింబమూ సగం సగం.

అణువుల్లో ఇలా కుడి ఎడమలుంటాయని పట్టుకున్నవాడు లూయీ పాశ్చర్. 1848లో టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలను ఒక్కొక్కటే పరికించి, పట్టకారుతో రెండు కుప్పలుగా ఏరాడు. నీళ్లలో కరిగిస్తే ఒక కుప్ప ధ్రువిత కాంతిని కుడికి తిప్పింది, రెండోది ఎడమకు. ప్రతిసారీ ఏరుతూ కూర్చోలేరు కదా! 1853లో సింకోనా బెరడు సారం నుంచి చేసిన పదార్థాలతో ఆ ఆమ్లంలోని కుడి, ఎడమ వాటాలను విడదీశాడు. చలిజ్వరానికి మందైన క్వినైన్ కూడా ఆ బెరడులోదే.

అదే బెరడులో క్వినైన్‌కు జంటగా క్వినిడిన్ ఉంది. అచ్చమైన ప్రతిబింబం కాదు, రెండు కార్బన్ల దగ్గరే అమరిక తిరగబడింది. మలేరియా క్రిమిని రెండూ చంపుతాయి. క్వినిడిన్ మాత్రం గుండె మీద గట్టిగా పనిచేస్తుంది. లయ తప్పిన గుండెకు ఇదే మెరుగని 1918లో బెర్లిన్‌లో వాల్టర్ ఫ్రే చూపాక, అది చాలా ఏళ్లు గుండెజబ్బు మందుగా చెలామణి అయింది.

ప్రైమాక్విన్ చెట్టు ఇచ్చింది కాదు, ప్రయోగశాలలో పుట్టింది. మామూలుగా అక్కడ తయారైతే రెండు వాటాలూ సమపాళ్లలో వస్తాయి. విడదీయకుండానే 1952లో అమెరికా అనుమతించింది. 1977లో ష్మిట్ అనే శాస్త్రవేత్త బృందం రెంటినీ వేరుచేసి పరీక్షించింది. కోతుల మలేరియాను రెండూ ఒకేలా నయం చేశాయి. విషగుణం దగ్గరే వచ్చింది చిక్కు. చిట్టెలుకలకు కుడివాటం నాలుగు రెట్లు ప్రమాదకరమైతే, కోతులకు ఎడమవాటం మూడు నుంచి ఐదు రెట్లు! ఎలుకను నమ్మి మనిషికి మందు ఎంచితే ఏమయ్యేదో.

మన్యానికి ఇది దూరపు సంగతేమీ కాదు. జీ6పీడీ అనే ఎంజైము లోపించినవాళ్లు గిరిజనుల్లోనూ ఉన్నారు. వాళ్లకు ప్రైమాక్విన్ పడితే ఎర్రకణాలు చితికిపోతాయి. మూత్రం నల్లబడితే మాత్ర ఆపి వెంటనే రమ్మనేది అందుకే. రెండు వాటాల్లో ఈ హాని దేనిది ఎక్కువో తేల్చే పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. ఊళ్లో పంచే మాత్ర మాత్రం ఇప్పటికీ ఆ కలగలుపుదే.